గృహప్రవేశంలో హౌస్ మ్యూజిక్

గృహప్రవేశానికి పిలిస్తే వెళ్ళి, ఆ ఇంట్లో ఎవరో పోయారని వీధంతా అనుకునేలా చేసినోణ్ణి మన కంచరపాలెంలో నానొక్కణ్ణే అయ్యుంటాను. మొన్న ఆదివారం సంగతే. టీ చల్లారిపోతాది, తాగుతూ వినండి.

మా అక్క మొగుడు సత్యం బావ మీకు తెలుసు కదా, కార్గో షిప్పుల్లో ఫిట్టరు. నానేమో స్టీల్ ప్లాంట్‌లో క్రేన్ మీద పని. బావ ఏ దేశం పోర్టులో దిగినా అక్కకి సెంటు సీసా, నాకు రికార్డు తెస్తాడు. రికార్డంటే మామూలు పాటలు కాదు, హౌస్ మ్యూజిక్. చికాగోలో చిన్న చిన్న క్లబ్బుల్లో డాన్సుల కోసం పుట్టిన మ్యూజిక్కది. రేడియోలో రాదు. మన కేసెట్ షాపులో అడిగితే "హౌసా, ఎవరి హౌసు?" అంటారు. అందరూ సీడీల్లోకి వెళ్ళిపోయినా నానింకా ఆ నల్ల రికార్డులే పట్టుకు కూర్చున్నాను. మైక్‌సెట్ పైడిరాజు లేడూ, వన్‌టౌన్‌లో ఆడి గొడౌన్లో మూల పడున్న ప్లేయరు కొని, సూది మార్చి, బెల్టు మార్చి బాగుచేసుకున్నాను. దానికో చిన్న లివరుంటాది. అటు తిప్పితే రికార్డు నిమిషానికి ముప్పై మూడు చుట్లు తిరుగుతాది, ఇటు తిప్పితే నలభై ఐదు. పెద్ద రికార్డయితే ముప్పై మూడు, చిన్న రికార్డయితే నలభై ఐదు. మా నాన్న రోజుల నుంచీ అందరికీ తెలిసిన లెక్కే.

ఇందులో అసలు మజా ఏటంటే, ఒకే పాటని అమెరికాలో ఒక ఫ్యాక్టరీ అచ్చేస్తాది, హాలెండ్‌లో ఇంకో ఫ్యాక్టరీ అచ్చేస్తాది. దాన్ని ప్రెస్సింగ్ అంటారు. పాట అదే గానీ సౌండులో తేడా ఉంటాది. ఒకదాంట్లో బాసు బాగుంటాది, ఇంకోదాంట్లో గొంతు బాగుంటాది. రెండూ పక్కపక్కన పెట్టుకుని ఆ తేడా పట్టుకోవాలి.

నా దగ్గర అమెరికా ప్రెస్సింగ్ ఒకటుంది. పెద్ద రికార్డు. లేబుల్ మీద పాట పేరు ముద్రేసుంది, అంతకుమించి ఒక్క ముక్క లేదు. సూది పెడితే డ్రమ్ము నెమ్మదిగా, బరువుగా పడతాది, మా క్రేన్ కింద లారీ కదిలినట్టు. దానిమీద ఒక మగాడి గొంతు. బొంగురుగా, లోపల్నుంచి లాగి లాగి పాడతాడు. జీవితంలో అన్నీ పోగొట్టుకున్నోడి గొంతు. ఏడాది పైనే విన్నాను దాన్ని. మా ఆవిడ లక్ష్మి మాత్రం ఒకసారి విని, "పాపం, జలుబు చేసినట్టుంది. మిరియాల పాలు తాగమనండి," అని వంటింట్లోకి పోయింది.

కిందటి ట్రిప్పులో బావ అదే పాట హాలెండ్ ప్రెస్సింగ్ తెచ్చేడు. షిప్పు దిగి, వానలో రోటర్‌డ్యామ్ అంతా తిరిగి, షాపు షాపుకీ పేరు రాసిన కాగితం చూపించి సంపాదించేడంట. లేబుల్ మీద నలభై ఐదని అచ్చేసుంది. పెద్ద రికార్డుకి నలభై ఐదేటి అనుకుంటూనే లివరు తిప్పి పెట్టేను. టకటకా పరిగెత్తేసింది పాట. పైగా పాడతన్నది ఆడపిల్ల.

"సూశావా బావా, హాలెండోళ్ళు పాడుచేసేశారు," అన్నాను. "స్పీడు పెంచేసి, ఆ మనిషిని తీసేసి, ఎవరో అమ్మాయి చేత పాడించేసేరు. ఇది డూప్లికేటు."

బావ మొహం మాడిపోయింది. "వానలో తడుసుకుంటా తెచ్చేన్రా," అన్నాడు. కాఫీ గ్లాసు అలాగే వదిలేసి వెళ్ళిపోయేడు. ఆ రికార్డు కూడా చంకలో పెట్టుకుని మరీ.

అలా బావ కోపంలో ఉండగానే ఆళ్ళు కట్టుకున్న కొత్తింటి గృహప్రవేశం వచ్చింది. నాను గట్టిగా నిర్ణయించుకున్నాను. నలుగురి ముందూ రెండు రికార్డులూ వేస్తాను, ఎవరి మాట నిజమో జనమే చెప్తారు. ప్లేయరు ఒళ్ళో పెట్టుకుని ఆటోలో దిగేసరికి బావ గుమ్మంలోనే ఆపేడు.

"ఏట్రా ఇది?"

"హౌస్ మ్యూజిక్ బావా."

"హౌస్ మ్యూజిక్కంటే గృహప్రవేశానికి ఏసుకునేదేట్రా?"

అక్క లోపల్నుంచి, "వ్రతం దగ్గర ఒద్దు, భోజనాల టైములో ఏసుకోనీండి," అంది. 

పైడిరాజు పెద్ద బాక్సులు వీధిలోకి పెట్టేడు. పులిహోర వడ్డిస్తంటే అమెరికా ప్రెస్సింగ్ మీద సూది దించేను. ధమ్... ధమ్... ధమ్... అని మొదలైంది. ఆ బాక్సుల్లో మన మనిషి మూలుగు రైలు గేటు దాకా వినిపించుంటాది. విస్తళ్ళ ముందు కూర్చున్నోళ్ళు మాటలాపేసేరు. నాను లీనమైపోయేరనుకున్నాను.

వీధిలో పోతన్న చేపలమ్మ గంప దించి, గొంతు తగ్గించి అడిగింది, "ఏటి బాబూ, పాలు పొంగించిన ఇంట్లో ఎవరు పోయేరు?"

"ఎవరూ పోలేదమ్మా, పాట," అన్నాను.

వెనక వీధి సూరిబాబు భుజమ్మీద తువ్వాలేసుకుని వచ్చి, చెప్పులిప్పి, బావ పక్కన కూర్చుని చెయ్యి పట్టుకున్నాడు. "ధైర్యంగా ఉండు సత్యం. మన చేతిలో ఏటుంది." 

"నాను బాగానే ఉన్నాను బాబూ, నువ్వు భోంచెయ్యి," అంటన్నాడు బావ, నా వైపు చూస్తూ.

అక్క గరిటె పట్టుకుని వచ్చింది. "ఒరే, ఆపు."

"ఒక్క నిమిషం అక్కా, ఇప్పుడే అసలు బాసు వస్తాది."

నాను ఆపను. ఆపితే ఓడిపోయినట్టే కదా. అక్క పైడిరాజుకి సైగ చేసింది. ఆడు నా చంక కిందనుంచి చెయ్యి దూర్చి, ఆపే స్విచ్చనుకుని లివరు తిప్పేసేడు.

పాట ఒక్కసారి గొంతు సవరించుకున్నట్టయింది. మన మగాడు లేడు. చక్కగా, ఖంగున ఆడపిల్ల పాడతన్నది. డ్రమ్ము పరిగెత్తింది. బావ తమ్ముళ్ళు ఎంగిలి చేతుల్తోనే లేచి గెంతడం మొదలెట్టేరు. 

"ఎవడ్రా ముట్టుకున్నాడు," అని నాను లివరు వెనక్కి తిప్పేను. మగాడు. జనం ఉసూరుమన్నారు. ముందుకి తిప్పేను. ఆడపిల్ల. మళ్ళీ వెనక్కి. మగాడు. అప్పుడు నా చెయ్యి లివరు మీదే ఉండిపోయింది. నా అమెరికా రికార్డూ నలభై ఐదుదే, ఏడాదిగా దాన్ని ముప్పై మూడులో ఈడ్చి ఈడ్చి వింటన్నాను.

బావ పట్టుపంచె సర్దుకుంటూ దగ్గరికొచ్చేడు. 

"అయితే హాలెండోళ్ళు ఎవర్నీ తీసెయ్యలేదన్నమాట," అన్నాడు.

"లేదు బావా."

"నాను తెచ్చింది డూప్లికేటు కాదన్నమాట."

"కాదు బావా."

లోపలికెళ్ళి, బీరువాలో చీరల మడతల్లో దాచిన రికార్డు తెచ్చి నా చేతిలో పెట్టేడు. నలభై ఐదులో వేశాను. అదే అమ్మాయి. నా దాంట్లో చిటపటలున్నాయి, ఆయన దాంట్లో అమ్మాయి ఊపిరి తీసుకోడం కూడా వినిపిస్తంది. సూరిబాబు తువ్వాలు నడుముకి కట్టి ఆడతన్నాడు. బావ ఆడుతూనే నా దగ్గరికొచ్చి అడిగేడు, "ఏది బాగుందిరా?" 

"నీదే బావా," అన్నాను. ఆ మాట అనడానికి ఎంత కష్టమయ్యిందో నాకు తెలుసు. ఆయన నా భుజమ్మీద చెయ్యేసి విస్తరి దగ్గరికి తీసుకెళ్ళి, తన చేత్తో బూరెలు వేశాడు. 

ఇంటికొచ్చేక ఉన్న రికార్డులన్నీ పట్టుదలగా దించి, ఒక్కోదాన్నీ రెండు స్పీడుల్లోనూ వేసి చూశాను. సగానికి సగం నలభై ఐదువే. ఇన్నాళ్ళూ ఎంతమంది ఆడపిల్లల పీకలు నొక్కి మగాళ్ళని చేసి, కళ్ళు మూసుకుని ఆహా అనుకున్నానో లెక్కలేదు. తల పట్టుకుని కూర్చున్నాను.

లక్ష్మి బట్టలు మడతపెడతా విని, చాలా సంతోషంగా అంది, "పోన్లెండి, ఇకమీదట పాటలు తొందరగా అయిపోతాయి."