పేరు తెలియని వాడికి నువ్వులూ నీళ్లూ

పోయిన మంగళవారం పొద్దున, సూర్యాపేటలో నేను పనిచేసే బడిలో పిల్లల హాజరు తీసుకుంటుండగా మా అన్న ఫోన్ చేశాడు. "చెల్లె, పెద్దనాయిన పోయిండు. చాయ తాగి కుర్చీల కూసున్నోడు కూసున్నట్టే ఉన్నడట," అన్నాడు. ఫోన్ పెట్టేసి మిగిలిన పేర్లు చదివాను. ఎవరు పలికారో, ఎవరు పలకలేదో నాకు గుర్తులేదు.

ఆయన మా నాన్నకు అన్న. ఊరు మిర్యాలగూడ దగ్గర, సాగర్ కాల్వ మీద. మాది భజనల ఇల్లు. ఆయన మిలిటరీకి పోతానన్నప్పుడు మా నాయనమ్మ రెండు రోజులు అన్నం ముట్టలేదట. చివరికి మెడలో తులసి పూసలు వేసి, "పో కొడుకా. కని ఎవల పానం తియ్యకు," అందట. "అట్లనే అమ్మా," అన్నాడట ఈయన. సిపాయి అలా మాట ఇవ్వవచ్చా అని అప్పుడు ఎవరికీ తోచలేదు.

ఎనభైల్లో ఆయన సెలవు మీద వచ్చిన పొద్దులు నాకు ఇప్పటికీ నిద్రలో వస్తుంటాయి. వెలుగు పూర్తిగా రాకముందే వసారాలో కూర్చుని సన్నటి గొంతుతో తత్వాలు పాడేవాడు. అది కలలో వినిపిస్తోందో, గోడ అవతల వినిపిస్తోందో తెలియక దుప్పట్లో అలాగే పడుకుని ఉండేదాన్ని. నడిచేటప్పుడు నేల చూస్తూ నడిచేవాడు. చీమల బారు అడ్డమొస్తే అంత పొడుగు మనిషి ఆగి, చుట్టూ తిరిగి పోయేవాడు.

తర్వాత ఆయన దళాన్ని శాంతి సేనగా శ్రీలంకకు పంపారు. తొంభైలో హవల్దారుగా రిటైరై ఇంటికొచ్చాడు. పొద్దుటి పాట మాత్రం రాలేదు. వసారాలో అదే చోట కూర్చునేవాడు, పెదవులు కదిలేవి, గొంతు వినిపించేది కాదు. పెద్దమ్మ అడిగితే, "శాంతి కోసం పంపిండ్రు. గాడ మాకే శాంతి లేకుండె," అనేవాడు. అంతకుమించి చెప్పేవాడు కాదు.

నేను కోదాడలో ఇంటర్ చదివే ఏడు వానలు మొఖం చాటేశాయి. కాల్వలో నీళ్లు మా ఊరు దాటి కింది ఊరికి పోవడం లేదు. ఒక పొద్దున కింది ఊరివాళ్లు తూము తలుపు ఎత్తడానికి వచ్చారని తెలిసి మావాళ్లు కట్టెలూ గొడ్డళ్లూ పట్టుకుని ఉరికారు. మా నాన్న కూడా. సెలవులకు ఇంటికొచ్చిన నేను వెనకే పరుగెత్తాను.

అప్పటికే పెద్దనాయన తూము మీద కూర్చుని ఉన్నాడు. బనీను, పంచె, ఉత్త చేతులు.

"ఫౌజీవి! మా దిక్కు నిలబడాలె గదనే?" అని మా నాన్న అరిచాడు.

"మీ దిక్కే ఉన్నరా తమ్మీ. గందుకే చెప్తున్న, గొడ్డలి కింద పెట్టు. ఎత్తుడు సులువు, దించుడే బరువు."

ఇంతలో ఎటునుంచో రాయి వచ్చి ఆయన నుదుటికి తగిలింది. ఎవరు విసిరారో ఈనాటికీ తెలియదు. నెత్తురు కనుబొమ్మ మీంచి కారుతున్నా ఆయన తుడుచుకోలేదు, లేవలేదు. "ఇగ సాలా? ఇంకా గావాల్నా?" అని రెండు వైపులా చూస్తూ అడిగాడు. అరుపులు ఆగిపోయాయి. కింది ఊరి ముసలమ్మ ఒకామె వచ్చి కొంగు చింపి కట్టు కట్టింది. మధ్యాహ్నానికి ఒప్పందం కుదిరింది: మూడు రోజులు మాకు, మూడు రోజులు వాళ్లకు. పంట చేతికొచ్చేదాకా ఆయనే తూము దగ్గర కాపలా ఉన్నాడు. మా మడి సగం ఎండిపోయింది. మా నాన్న ఏడాది పాటు ఆయనతో మాట్లాడలేదు.

ఆ కార్తీకంలో, "నాతోని వస్తవా బిడ్డా?" అని నన్ను వాడపల్లికి తీసుకుపోయాడు. మిర్యాలగూడలో బస్సు మారి దిగేసరికి మంచు ఇంకా విడవలేదు. మూసీ వచ్చి కృష్ణలో కలిసే చోట పంతులుగారు దర్భలు పేర్చి కూర్చున్నారు. మా తాత పేరు మీద తర్పణం అయ్యాక పెద్దనాయన ఇంకో పిడికెడు నువ్వులు తీసుకున్నాడు.

"ఇది ఎవరికండీ? పేరు, గోత్రం చెప్పండి," అన్నారు పంతులుగారు.

"తెల్వదు. లంకల నా తుపాకి గుండుకు సచ్చిపోయిండు."

పంతులుగారు ఆయన ముఖంలోకి చూశారు. తర్వాత మెల్లగా, "పేరు తెలియని వాళ్లకూ నీళ్లు వదలొచ్చు నాయనా. దిగండి," అన్నారు.

"పెద్దనాయినా, నాయనమ్మకు మాటిచ్చినవు గదా," అన్నాను.

"ఇచ్చిన. తప్పిన." ఆయన నీళ్లలోకి ఒక్కో మెట్టే దిగుతున్నాడు. "పక్కపొంటి ఉన్నోడు పడ్డడు. నేను కాల్వకపోతే ఇంకోడు పడుతుండె. తప్పు జేసిన అనను బిడ్డా. ఒప్పు అని గూడ అనను. వానికీ ఒక తల్లి ఉంటది. ఆమె ఈడికి రాలేదు గదా."

ఏటా వచ్చేవాడట. ఎవరికీ చెప్పలేదు. నాకెందుకు చెప్పాడో నేను అడగలేదు. ఆయనా చెప్పలేదు.

నడుము లోతు నీళ్లలో నిలబడి దోసిలి ఎత్తాడు. చుట్టూ తెల్లటి మంచు. ఒడ్డు ఏదో, నది ఏదో కనిపించలేదు. దూరంగా ఒక పడవ నీడలా కదిలింది. వేళ్ల సందుల్లోంచి నీళ్లు జారుతున్నాయి. నల్లటి నువ్వులు కొన్ని ఆయన చుట్టూనే నెమ్మదిగా తిరిగి, మూసీ నీళ్ల మీంచి కృష్ణ నీళ్ల మీదికి పోతున్నాయి.