గొళ్ళెం లేని తలుపు

మా పిన్నికి ముక్కు మీదే ఉంటుంది కోపం. ఊళ్ళో ఆవిణ్ణి "ఉరుము" అంటారు. ఆవిడ లేనప్పుడే అంటారు లెండి, ఎదురుగా అనే గుండెలు ఎవరికున్నాయి? వలలు బాగుచేయడం ఆవిడ పని. వలలో తెగిన కన్ను కనబడితే చాలు, వలను తిట్టేది, చేపను తిట్టేది, ఆ వల విసిరినవాడి ఏడు తరాలనూ తిట్టేది. చేతులు మాత్రం ఆగేవి కావు.

ఊరికి దూరంగా, ఏరు సముద్రంలో కలిసేచోట, నరమానవుడు ఉండని ఇసుకమేట మీద మా నాన్న కట్టిన చెక్కగుడిసె ఉంది. నాన్న పడవలు చేసే వడ్రంగి. పగిలిన పడవల చెక్కలతోనే దాన్ని నిలబెట్టాడు. తలుపుకి గొళ్ళెం లేదు, తాళం లేదు. లోపల పొయ్యి, డబ్బాలో అగ్గిపెట్టె, బయట చూరు కింద ఎండుకట్టెలు, ఒక గొడ్డలి. పడవ తిరగబడి ఒడ్డుకు కొట్టుకొచ్చినవాడు ఎవడైనా సరే, తలుపు తోసుకుని వెళ్ళి మంట వేసుకోవాలి. వెళ్ళేటప్పుడు తర్వాతివాడి కోసం కట్టెలు పేర్చి వెళ్ళాలి. అంతే పద్ధతి. మా బాబాయి ఒకసారి అలాగే బతికి బయటపడ్డాడు. చివరికి ముసలితనంలో, ఇంట్లో మంచం మీద పోయాడు. అందుకే పిన్నికి ఆ తలుపంటే ప్రాణం.

నాన్న పోగానే అన్నయ్య బుర్రలో పురుగు తొలచడం మొదలుపెట్టింది. "సిటీ వాళ్ళకి ఇలాంటి చోట్లంటే పిచ్చి. ఫోన్‌కి సిగ్నల్ కూడా ఉండకూడదట, విన్నావా?" అని నాతో అంటూ, అద్దెకివ్వడానికి గుడిసెలో పరుపు వేశాడు, కిటికీకి పరదా కట్టాడు, బయట గొళ్ళెం, లోపల గడియ బిగించి తాళం వేశాడు. పిన్ని వెళ్ళి ఆ గొళ్ళెం ఊడబీకి సముద్రంలో పడేసింది. వాడు ఇంకోటి బిగించాడు.

"ఒరేయ్, తడిసి వచ్చినవాడు తాళంచెవి ఎక్కడ వెతుక్కుంటాడ్రా?"

"ఈ కాలంలో ఎవడొస్తాడు పిన్నీ? నీ చాదస్తం నువ్వూనూ."

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. వాడి సొంత బాబాయి బతికిన చోటు అది!

ఓ రోజు ఒక జంట దిగింది. గుడిసె ఊడవడానికి వెళ్ళి నేనూ అక్కడే ఉన్నాను. "ఒక పెద్దావిడ వస్తుందండీ, కొంచెం మతి సరిగా లేదు. తలుపు బాదుతుంది, అరుస్తుంది. గడియ పెట్టుకోండి. ఎవరొచ్చి కొట్టినా తీయకండి," అన్నాడు అన్నయ్య వాళ్ళతో. నవ్వుతూ అన్నాడు! చేతిలో చీపురు ఎలా ఆపుకున్నానో నాకే తెలియదు.

"ఎవరికన్నయ్యా మతి లేనిది?" అన్నాను.

"వచ్చినవాళ్ళ ముందు పరువు తీయకే," అన్నాడు.

మర్నాడు ఆ జంటకి మంచినీళ్ళ క్యాన్లు ఇవ్వడానికి వాడు పడవ వేసుకుని వెళ్ళాడు. మధ్యాహ్నం గాలీ వానా విరుచుకుపడ్డాయి. వాన తగ్గినా వాడు తిరిగి రాలేదు. వదిన ఏడుస్తూ వచ్చింది. పిన్ని చేతిలో వల పక్కన పడేసి లేచింది.

"ఏడవకు. గుడిసెలో వెచ్చగా కూర్చుని ఉంటాడు వెధవ," అంది. అంటూనే నాకంటే ముందు ఇసుకలో పరుగెత్తింది.

వాడు లోపల లేడు. గుమ్మం ముందు నిలువునా తడిసి, ముడుచుకుని పడి ఉన్నాడు. పడవ తిరగబడి ఒడ్డుకు కొట్టుకొచ్చినట్టున్నాడు. పెదాలు నల్లబడ్డాయి, వణుకు కూడా ఆగిపోయింది. పిడికిళ్ళ మీద తోలు లేచిపోయి ఉంది. తలుపు అంతగా బాదాడన్నమాట.

పిన్ని రెండు చేతులతో తలుపు కొట్టింది. "తీయండర్రా! మనిషి చచ్చిపోతున్నాడు!"

లోపల బల్ల జరిపిన చప్పుడైంది. "ఆవిడే వచ్చిందండీ! తీయకండి!" అని ఆడగొంతు వినిపించింది.

పిన్ని ఇక ఒక్క మాట మాట్లాడలేదు. ఆవిడ నోరు మూసుకోవడం నేను చూసింది అప్పుడే. చూరు కింది గొడ్డలి అందుకుని, నాన్న చేసిన తలుపును నడిమికి నరికేసింది. అడ్డం పెట్టిన బల్లను నేను భుజంతో తోశాను. అన్నయ్యను పొయ్యి దగ్గరికి ఈడ్చుకెళ్ళి, తడిబట్టలు లాగేసి, వాళ్ళ దుప్పట్లన్నీ కప్పాం.

"కట్టెలేవి?" అంది పిన్ని.

"నిన్న సాయంత్రం సరదాగా ఒడ్డున మంట వేసుకున్నాం..." అన్నాడు ఆ మగమనిషి, గోడకు అతుక్కుపోయి. "గాలిహోరులో ఆయన గొంతని పోల్చుకోలేకపోయాం. ఎవరొచ్చినా తీయొద్దని ఆయనే చెప్పారండీ."

"ఆయనే చెప్పాడట, విన్నావా?" అని పిన్ని తలుపు ముక్కలు పొయ్యిలోకి తోసింది. తారు పట్టిన పాత చెక్క, పైపైన తడిసినా భగ్గున అంటుకుంది.

చాలాసేపటికి అన్నయ్య కళ్ళు తెరిచాడు. పళ్ళు టకటకా కొట్టుకుంటున్నాయి. "పిన్నీ... నాన్న చేసిన తలుపు..."

"నోర్ముయ్. కాచుకో."

ఒళ్ళు కుదుటపడ్డాక అన్నయ్య తనే కొత్త తలుపు చేసి, మోసుకెళ్ళి బిగించాడు. పిన్ని చూడ్డానికి వచ్చింది. అంచంతా లోపలా బయటా చేత్తో తడిమింది. గొళ్ళెం లేదు, గడియ లేదు. అగ్గిపెట్టె చూసింది, కట్టెలు చూసింది. వాడు చేతులు కట్టుకుని ఆవిడ వెనకే తిరిగాడు. ఒక్క మాట అనకుండా ఇంటికి వచ్చేసింది.

ఇప్పటికీ ఊళ్ళో అందరినీ తిడుతుంది. వాణ్ణి ఒక్కణ్ణే తిట్టడం మానేసింది. ఎదురుపడితే చూపు తిప్పుకుంటుంది.

మొన్న అన్నయ్య నా దగ్గరికి వచ్చి, "పిన్నికి కాస్త చెప్పవే. కనీసం ఒక్క తిట్టు తిట్టమనవే," అని బతిమాలాడు. జాలి పడాలనిపించలేదు నాకు.

"నన్నెందుకు అడుగుతావు? వెళ్ళి తలుపు కొట్టు," అన్నాను. "తీస్తుందేమో చూడు."