మా వదిన పియానో, పక్కవాళ్ల పాట

నా చేతిరాత బాగుండదు. అక్షరాల్లో తప్పులుంటే సర్దుకొని చదవండి. ఊరి బడిలో ఏడో తరగతి దాకా చదివినవాణ్ణి. పోయిన మంగళవారం తెల్లారేసరికి మా వదిన బోయిగూడ ఇంట్లో కన్నుమూసింది. నిద్రలోనే పోయిందని, ఇప్పుడు వేరే ఇంట్లో ఉంటున్న నాకు అన్న ఫోన్‌లో చెప్పాడు. నోటితో చెప్పడం నాకు చేతకాదు కాబట్టి ఆమెను ఎరిగినవాళ్ల కోసం ఇది రాస్తున్నాను.

వదిన పియానో వాయించేది. సికింద్రాబాద్‌లో చాలామందికి ఆమె పోటీల్లో కప్పులు గెలిచిన మనిషిగా తెలుసు. చిన్నప్పుడు మిషన్ బడిలో సిస్టర్ల దగ్గర నేర్చుకుంది. పెళ్లయి వచ్చినప్పుడు పియానో కూడా మా ముందుగదిలోకి వచ్చింది. నా మంచం వరండాలోకి పోయింది. పొద్దున పాశ్చాత్య సంగీతం, సాయంత్రం మన కీర్తనలు, ఆదివారం చర్చిలో ఆర్గన్, బతుకమ్మ నాడు వాడకట్టు ఆడవాళ్ల పాటలకు చిన్న కీబోర్డు. ఏది వాయించినా చెప్పులు విప్పి, ఒట్టి కాళ్లతో కూర్చునేది.

అన్నకు షిఫ్టు డ్యూటీ. పోటీలకు తోడు నేను పోయేవాణ్ణి. పక్కన నిలబడి కాగితాలు తిప్పడం నా పని. ఆ గుర్తులు నాకు ఆవాలు చల్లినట్టు కనిపించేవి. వదిన గడ్డం దించితే తిప్పాలి, అంతే.

ఒక ఏడాది పోటీకి ముందు అమ్మ తెగేసి చెప్పింది.

"ఈసారి ఫస్టు రాకపోతే గా పియానో పెట్టె అమ్ముడే. ఇంట్ల మనుషులు పండేటందుకు జాగ లేదు."

అన్న తల దించుకున్నాడు. వదిన బియ్యం ఏరుతూ "సరే అత్తమ్మా" అంది. ఆ రాళ్లు ఏరే వేళ్లు మాత్రం ఆగిపోయాయి.

ఎండాకాలం. కాగితాలు ఎగురుతాయని హాల్లో ఫ్యాన్లు ఆపేశారు. వదిన మాటిమాటికీ కొంగుతో వేళ్లు తుడుచుకుంటోంది. ఒంటరిగా వాయించే రెండు రౌండ్లు బాగా జరిగాయి. మూడోది కష్టం. ముక్కూమొహం తెలియని గాయకురాలికి, అప్పుడే చేతికిచ్చిన కాగితం చూసి వాయించాలి. వచ్చిన పిల్ల కూడా పాటల పోటీలో ఉంది. చున్నీ అంచు మెలిపెడుతూ నిలబడింది.

"పరేషాన్ గాకు. నీకు ఊపిరి అందినప్పుడే షురూ చెయ్యి" అంది వదిన.

రెండో పేజీ సగంలో ఉండగా వదిన గడ్డం దించింది. ఆమె కళ్లు ఇంకా పేజీ నడుమనే ఉన్నాయి. తిప్పాలా, వద్దా? నా చెయ్యి కాగితం మీదే ఆగిపోయింది. గడ్డం మళ్లీ దిగింది, ఈసారి గట్టిగా. తిప్పాను. ఆ పిల్ల భయంలో ఒక చరణం వదిలేసి ముందుకు పోయిందని నాకు తర్వాత తెలిసింది. పియానో శబ్దం ఒక్క క్షణం పలచబడి, వెతుక్కుంటూ పోయి, ఆ గొంతును కలుసుకుంది. పాట ఆగలేదు. కానీ జడ్జీల చేతుల్లో పాట కాగితాలున్నాయి. పెన్సిళ్లు కదిలాయి.

పాట అయ్యాక పెద్ద జడ్జి అడిగాడు. "మధ్యలో ఒక చరణం పోయింది. ఎవరమ్మా వదిలేసింది?"

ఆ పిల్ల పెదవులు పాలిపోయాయి. నాకు ముందుగది, అందులోని పియానో కళ్లముందు కనిపించాయి. వదిన నా వైపు చూడలేదు.

"నేనే సార్. ఆ అమ్మాయే నన్ను కలుపుకున్నది."

ఫస్టు వేరేవాళ్లకు పోయింది. బస్సులో వదిన ఒకే మాట అంది. "పక్కన పాడేవాళ్ల ఊపిరి ఇనాలె మర్దీ. కాగితం యాడికి పోదు."

ఇంటికి రాగానే అమ్మ అడిగింది. వదిన "సెకండు" అని కాళ్లు కడుక్కోవడానికి లోపలికి పోయింది. నేను గడపలోనే నిలబడి జరిగింది చెప్పాను. అమ్మ ముందు అన్ని మాటలు ఏనాడూ మాట్లాడలేదు. అమ్మ ఊళ్లో భజనల్లో పాడిన మనిషి. అక్కడ పాడేవాళ్లు ఎటు పోతే హార్మోనియం అటు పోవాలి.

"గా జడ్జీలు ఎన్నడు భజనల కూసోలేదారా?" అంది అమ్మ.

"కూసున్నట్టు లేదమ్మా."

"పాటను కిందపడనియ్యలే గదా పిల్ల. ఉండనీ గా పెట్టె. నువ్వు వరండలనే పండు."

లోపల నీళ్ల చప్పుడు ఆగింది. వదిన ముక్కు చీదుకోవడం వినిపించింది.

ఆ పిల్ల ఉన్నది ఉన్నట్టు తనే పదిమందికి చెప్పుకుంది. అప్పటినుంచి పాడేవాళ్లు అల్వాల్ నుంచి, మౌలాలి నుంచి వదినను వెతుక్కుంటూ వచ్చారు. తర్వాత ఆమె చాలా పోటీలు గెలిచింది. కప్పుల మాట మాత్రం ఎత్తేది కాదు. ఎవరి పక్కన వాయించిందో చెప్పుకునేది.

ఆ మంగళవారం సాయంత్రం ఆ పాడేవాళ్లలో కొందరు ముందుగదిలో కూర్చున్నారు. ఒక పెద్దామె కీర్తన ఎత్తుకుంది. నడుమ మాట మరిచిపోయి ఆగింది. ఎవరూ అందించలేదు. ఆమె పియానో వైపు చూసింది. మేమంతా అటే చూశాం.

మీలో ఎవరైనా మా వదిన పక్కన పాడి ఉంటే, ఆమె మిమ్మల్ని ఎక్కడ కలుపుకుపోయిందో రాయండి. అన్న రోజంతా పియానో ముందున్న స్టూలు మీదే కూర్చుంటున్నాడు. చదివి వినిపిస్తాను. తొందరగా జవాబు రాయండి.