తిట్టేవాళ్ళు లేని ఏడాది

ఆ ఏడాది నన్ను ఎవ్వరూ తిట్టలేదు. వినడానికి హాయిగా ఉంటుంది గానీ, అనుభవిస్తే తెలుస్తుంది. పాలగిన్నె తన్నేస్తే "పర్లేదులేమ్మా" అనేవారు. మధ్యాహ్నం దాకా మంచం దిగకపోతే "పడుకోనివ్వండి పాపం" అనేవారు. నా పెళ్ళికి ముందు మా అమ్మ నోటి నుంచి "దరిద్రపుగొట్టుదానా" అన్న మాట రాని పూట లేదు. అలాంటి మనిషి నన్ను చూడగానే గొంతు తగ్గించి, పక్క గదిలో శవం ఉన్నట్టు మాట్లాడేది. ఆ గొంతు వింటే నాకు ఒళ్ళు మండిపోయేది. మండినట్టు కనిపిస్తే మళ్ళీ మాత్రలు పెంచుతారేమోనని నోరు మూసుకునేదాన్ని.

సంగతేమిటంటే, పిల్ల పుట్టాక నాకు మతి తప్పింది. ఇప్పుడు దీనికి డాక్టర్లు ఏవో పేర్లు చెబుతున్నారు. అరవైల చివర్లో రేపల్లెలో మా అత్తవారి వీధిలో ఉన్న పేరు ఒక్కటే, బాలింతకి గాలి సోకింది అని. పురుడు తెనాలిలో పుట్టింట్లోనే జరిగింది. మూడో నెలలో పిల్లనెత్తుకుని రేపల్లె వెళ్ళాను. అక్కడ నాకు నిద్ర కరువైంది. రాత్రీ పగలూ రెప్ప పడేది కాదు. అలా కొన్నాళ్ళు గడిచేసరికి ఒక మాట నన్ను పట్టుకుంది: ఈ పిల్ల నా పిల్ల కాదు, ఎవరో మార్చేశారు. ఆ మాట మా అత్తగారితో అన్నాను, మామగారితో అన్నాను, పాలు పోసే మనిషితో అన్నాను. బాపట్లలో ఉద్యోగం చేస్తూ శనివారం సాయంత్రానికి ఇంటికి చేరే మా వారితోనూ అన్నాను. ఒక రోజు కత్తిపీట మీద దొండకాయలు తరుగుతూ అదే మాట అన్నానట. పిల్ల పక్కనే చాప మీద ఉంది. మా అత్తగారు వంటింట్లో నుంచి పరిగెత్తుకొచ్చి పిల్లను లాక్కుపోయారు. ఆ తర్వాత ఆ ఇంట్లో కత్తిపీట నా కంట పడలేదు, పిల్ల నా చేతికి రాలేదు.

నేను పిల్లను ఏమీ చేయలేదు. చేసేదాన్ని కానని ఇవాళ గట్టిగా చెప్పగలను. అప్పుడు చెప్పలేకపోయాను, నా మీద నాకే నమ్మకం లేదు గనుక.

గుంటూరు తీసుకెళ్ళి చూపించారు, మాత్రలిచ్చారు, నన్ను తెనాలిలో అమ్మ దగ్గర దింపారు. పిల్ల రేపల్లెలోనే ఉండిపోయింది. "మనిషి కుదుటపడనివ్వండి బావగారూ, అప్పుడు చూద్దాం" అన్నారు మా మామగారు నాన్నతో. కుదుటపడటమంటే ఏమిటో ఎవరూ విడమర్చి చెప్పలేదు. నాకు నేనే తేల్చుకున్నాను. అరవకూడదు, ఏడవకూడదు, గట్టిగా నవ్వకూడదు. పుట్టుకతోనే నోరున్న మనిషిని నేను. పిల్ల కావాలంటే ఆ నోరు కట్టేసుకోవాలి. ఆ మాత్రం కట్టుకోలేనా అనుకున్నాను. కట్టుకోగలిగాను కూడా, అదే అసలు భయం. లోపల మాటలన్నీ పేరుకుపోయి ఏ రోజు ఏ రూపంలో బయటపడతాయోనని రోజూ కాసుకుని ఉండేదాన్ని.

మా పేటలో ఒక డాక్టరమ్మ ఉండేవారు. మాత్రల సంగతి చూసి, "ఇంట్లో కూర్చోబెట్టి ఈ అమ్మాయిని ఎంతకాలం కాపలా కాస్తారండి? కాలవ గట్టున మహిళామండలిలో కుట్టు నేర్పుతున్నారు, పంపించండి" అన్నారు. అక్కడ చేరాక తెలిసింది, సగం మందిని ఆవిడే పంపారని. ఎవరూ ఎవర్నీ ఎందుకొచ్చావని అడిగేవారు కాదు. పెంకుటింటి వసారా, రెండు కుట్టుమిషన్లు, కింద చాపలు. ముందు పాత పేపర్ల మీద గీసి కత్తిరించడం, తర్వాత కాజాలు, హెమ్మింగు, చివర్లో గుడ్డ.

మొదటి రోజు మా అమ్మ కూడా వచ్చి నా పక్కన చాప మీద కూర్చుంది. ఎందుకంటే అక్కడ కత్తెరలుంటాయి. టీచరుగారు నాకో కత్తెర అందించేలోపు మా అమ్మ చెయ్యి మధ్యలోకి వచ్చింది.

"నేను కత్తిరించి ఇస్తాలెండి, మా అమ్మాయికి నీరసం."

టీచరుగారు లావుపాటి మనిషి, ఎప్పుడూ ఒక చెవి మీద పెన్సిలు. కళ్ళజోడు పైనుంచి చూసి, "మీరూ నేర్చుకుంటారా ఏంటండి? అయితే పేరు రాయించుకోండి. ఊరికే కూర్చుంటానంటే కుదరదు" అన్నారు. మా అమ్మ దిక్కు తోచక పేరు రాయించుకుంది. టీచరుగారు కత్తెర తీసుకొచ్చి నా చేతిలోనే పెట్టారు.

కత్తెర వేళ్ళలో సరిగ్గా కుదరలేదు. మాత్రల వల్ల కొంత, భయం వల్ల కొంత. అటుపక్క ఒకావిడ చంటిపిల్లాణ్ణి ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. వాణ్ణి చూశాను, కత్తెర చూశాను. లేచి వెళ్ళిపోదామనుకున్నాను. గీత మీద ఒక్క వేటు పడింది, పేపరు అడ్డదిడ్డంగా చీలిపోయింది.

"కళ్ళెక్కడ పెట్టుకున్నావమ్మా? గీత ఒకచోట, నీ కత్తెర ఒకచోట! గొడ్డు మేసినట్టుంది. మళ్ళీ గియ్యి!" అని టీచరుగారు అందరి ముందూ కేకలేశారు. మా అమ్మ బిక్కచచ్చిపోయింది. నాకైతే ఏడుపొచ్చింది, కానీ అది ఎప్పుడూ వచ్చే ఏడుపు కాదు. నన్నొకరు మామూలు మనిషిలా చూసి తిట్టి ఎన్నాళ్ళయిందో! మళ్ళీ గీశాను. మళ్ళీ తిట్టారు.

మా అమ్మ కాజాలు చూడాలి, అబ్బో! బొత్తాం కాదు కదా, గుమ్మడికాయ దూరేది. ఒక రోజు టీచరుగారు ఆ గుడ్డ పైకెత్తి, "ఏవండోయ్, ఇది కాజానా కిటికీనా?" అని అడిగితే నాకు నవ్వాగలేదు. పొట్ట పట్టుకుని నవ్వాను. నవ్వుతూ మా అమ్మ మొహం చూశాను. ఆవిడ నవ్వడం లేదు. నా కళ్ళలోకి వెతుకుతూ చూస్తోంది, ఇది ఏ నవ్వా అని. నవ్వు ఆపేసి నా గుడ్డ మీదకి వంగాను. ఆ రాత్రి నేనూ అదే ఆలోచించాను, ఇది ఏ నవ్వు అని.

క్లాసులో నాకొక స్నేహితురాలు దొరికింది. రేపల్లె దిగువన సముద్రపు ఒడ్డు మనిషి. పెనిమిటి చేపల వేటకెళ్ళి తిరిగి రాలేదు. అక్కగారింట్లో ఉంటోంది. ఆవిడకి కత్తెరంటే లెక్కలేదు, నీళ్ళంటేనే భయం. కాలవ వంతెన దాటాలంటే నా చెయ్యి పట్టుకుని కళ్ళు మూసుకునేది. "ఒదలమాకు వదినా, ఒదలమాకు" అంటూ గోళ్ళు దించేది. అందరూ నన్ను పట్టుకుని నడిపించే రోజుల్లో, నన్ను నమ్మి కళ్ళు మూసుకున్న మనిషి ఆవిడ ఒక్కతే. అవతలి గట్టు చేరేదాకా నాకు నా భయం గుర్తుండేది కాదు.

చివరికి ప్రతి ఒక్కరం ఒక పిల్లల గౌను కుట్టాలన్నారు. తక్కినవాళ్ళు తమ పిల్లల్నో, అక్కచెల్లెళ్ళ పిల్లల్నో తెచ్చి టేపుతో కొలుచుకున్నారు. నా పిల్లకి అప్పటికి ఏడాది దాటింది. మొదటి పుట్టినరోజు నేను లేకుండానే అయిపోయింది. ఆదివారం మా వారు వస్తే కొలతలు తెమ్మని అడిగాను. పిల్లల్ని కొలిస్తే ఎదుగుదల ఆగిపోతుందని మా అత్తగారు టేపు దగ్గరకు రానివ్వలేదట. మా వారు తెలివిగా పెట్టెలో దొరికిన ఒక గౌను మడతపెట్టి తెచ్చిచ్చారు. అది పిల్లకి మూడో నెలలో నేనే తొడిగిన గౌను. వాసన చూశాను, పెట్టె వాసనే వచ్చింది.

ఆ గౌను పరిచి గీస్తుంటే టీచరుగారు ఆగారు. "నీ పిల్లకెన్ని నెలలు?"

"నడుస్తోందటండి."

"నడిచే పిల్లకి ఇదా కొలత? నీ పిల్ల ఎంతుంటుందో నీకు తెలీదా?"

తెలియదు. నా కళ్ళలో అది ఇంకా చాప మీద పడుకున్న పిల్లే. టీచరుగారు నా మొహం చూశారో లేదో గానీ, చెవి మీది పెన్సిలు తీసి కంటి అంచనాతో గీతలు పెంచారు. "పక్కల్లో లోపల బాగా గుడ్డ వదిలి కుట్టు. పిల్లలు మన కోసం ఆగరు. చాలకపోతే విప్పుకోవచ్చు" అన్నారు. పసుప్పచ్చ పాప్లిన్ గుడ్డ మీద చిన్న చిన్న తెల్లపూలు. రెండుసార్లు విప్పించారు, మూడోసారికి ఊరుకున్నారు.

అప్పుడే రేపల్లె నుంచి కబురొచ్చింది, ఒకసారి వచ్చి పిల్లను చూసి వెళ్ళమని. చూసి వెళ్ళడం కాదు, వాళ్ళే నన్ను చూడటానికని మా ఇంట్లో అందరికీ తెలుసు. ఆ పూట బాగుంటే పిల్ల వస్తుంది. లేకపోతే ఇంకెన్నాళ్ళో. రైల్లో దారి పొడుగునా మా అమ్మ చెబుతూనే ఉంది. "ఎవరేమన్నా మాట్లాడకు. నవ్వుతూ ఉండు. మరీ నవ్వకు." నేను సంచిలో గౌనును తడుముకుంటూ కూర్చున్నాను. నా భయం వేరే. ఆ పిల్లను చూడగానే ఆ పాత మాట మళ్ళీ లేస్తే?

అందరూ వసారాలో కూర్చుని ఉన్నారు. మామగారు, మా వారు, మా అత్తగారు. ఆవిడ కుచ్చిళ్ళ వెనక నుంచి రెండు కళ్ళు. పిల్ల ఎంత ఎదిగిపోయింది! జుట్టు మెడదాకా వచ్చింది, బుగ్గలు వేరు, ముక్కు వేరు. చేతులు చాపాను. అది నన్ను చూసి ఏడుపు లంకించుకుని మా అత్తగారి కాళ్ళు చుట్టేసుకుంది.

"కొత్త కదమ్మా, అలవాటవుద్దిలే తల్లీ" అన్నారు మా అత్తగారు, ఆ మెత్తటి గొంతుతో. పూర్వం ఆవిడ నన్ను పిలిస్తే వీధి చివరికి వినిపించేది.

"మా అమ్మాయే కుట్టిందండి" అంటూ అమ్మ గౌను బయటికి తీసింది. పిల్లను బతిమాలి నా ఒళ్ళో కూర్చోబెట్టారు. తల దూరింది. ఒక చెయ్యి దూరింది. రెండో చెయ్యి సగంలో ఆగిపోయింది. గౌను ఛాతీ దగ్గర బిగుసుకుపోయింది. పిల్ల గుక్కపెట్టింది. అటు లాగితే రాదు, ఇటు లాగితే రాదు. అందరూ నా చేతులే చూస్తున్నారు. సరిగ్గా అప్పుడే నా లోపల ఆ మాట తల ఎత్తింది. నీ పిల్లకని కుట్టావు, దీనికి పట్టలేదు, చూశావా. 

"ఇలా ఇవ్వు తల్లీ, ఇలా ఇచ్చెయ్యి" అంటూ మా అత్తగారు రెండు చేతులూ పిల్ల మీద వేశారు. ఆ రోజు చాప మీద నుంచి లాక్కున్నట్టే.

"వదలండత్తయ్యా!" అని అరిచాను. "ఏడిస్తే ఏడవనివ్వండి! నా పిల్లని నేను చూసుకోలేనా?"

ఏడాది పాటు మింగినదంతా ఆ కేకలో ఉంది. వసారా అదిరిపోయింది. మా అమ్మ చేతులు నోటికి అడ్డం పెట్టుకుంది. మా వారు సగం లేచి అలాగే ఉండిపోయారు. అంతా అయిపోయింది, పిల్ల ఇక రాదు అనుకున్నాను. నేనన్న మాట నాకు ఆ తర్వాతే వినిపించింది. నా పిల్ల అన్నాను.

మా అత్తగారు నన్ను ఎగాదిగా చూశారు. మొహం ఎర్రబడింది.

"ఏంటే ఆ నోరు? ఇంటి కప్పు లేచిపోయేట్టు! పెద్దంతరం చిన్నంతరం లేదా? నెలల తరబడి నేర్చుకుని కుట్టింది ఇదా, పిచ్చికకి తొడిగే గౌను? దాని చెయ్యి విరిగిపోద్ది, ముందు ఆ కుట్లు విప్పు!"

"విప్పుతాను. లోపల గుడ్డ వదిలాను. కత్తెర ఏదీ?" అన్నాను, అంతే గట్టిగా.

 మా అత్తగారు విసవిసా లోపలికి వెళ్ళారు. ఎక్కడో పైన డబ్బాలు జరిపిన చప్పుడైంది. అంత ఎత్తున దాచారన్నమాట. లోపలి నుంచే తిడుతున్నారు, కుట్టు నేర్పినవాళ్ళని, గౌను పట్టుకెళ్ళిన కొడుకుని, నన్ను. వచ్చి కత్తెర నా చేతిలో పెట్టారు. పిల్ల నా ఒళ్ళోనే ఉంది, గౌనులో చిక్కుకుని ఏడుస్తూనే ఉంది.

"చూసుకుని కత్తిరించవే, చెయ్యి తెగుద్ది నీకు" అన్నారు మా అత్తగారు. అని, పప్పు మాడిపోతోందంటూ వంటింట్లోకి వెళ్ళిపోయారు.