దాలమ్మక్క అడిగిన బస్సు

ఒకే ఒక్క వాక్యం. ఇన్నేళ్ళూ దాన్ని మోశాను. రాసింది నేనే. అందులో తప్పుందని తెలిసే రాశాను. మొన్నమొన్నటి దాకా మా ఆయనకు చెప్పలేదు. నా చేత రాయించుకున్న ఎమ్మెల్యే గారికి చెప్పలేదు. ఎవరి మీద ఆ తప్పు పడిందో ఆవిడకు కూడా చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పడం సులువనుకున్నాను. సులువేమీ కాదు. కానీ మొదలుపెట్టేశాను.

మాది జంషెడ్‌పూర్. మా నాన్న టాటానగర్ స్టేషన్లో రైల్వే ఉద్యోగం చేస్తూ ఇక్కడే ఉండిపోయాడు. ఇంట్లో తెలుగు, బడిలో హిందీ. నా హిందీ రాత బాగుంటుందని పేరు. ఆ పేరు మీదే పెళ్ళయ్యాక ఒక ఎమ్మెల్యే గారి ఆఫీసులో పని దొరికింది. ఆయనెవరో చెప్పను. ఇందులో ఆయన తప్పు కొంచెమే.

నా పనేమిటో మీకు చెప్పాలి, లేకపోతే నేను చేసిందేమిటో అర్థం కాదు. రాంచీలో శాసనసభ కూడే ముందు ఎమ్మెల్యేలు మంత్రులకు ప్రశ్నలు రాసి పంపుతారు. మా ఎమ్మెల్యే గారు ఎక్కువగా రవాణా మంత్రినే అడిగేవారు. బస్సులు, టెంపో స్టాండ్లు, వంతెన మీద లారీల రద్దీ, ఇలాంటివి. ఆయన నోటితో చెప్పేవారు, నేను రాసేదాన్ని. ఆ రాతకో పద్ధతి ఉంది. ముందు ‘ఫలానా మాట నిజమేనా?’ అని అడగాలి. ఆ తర్వాత ‘నిజమైతే ప్రభుత్వం ఏం చేస్తుంది, ఎప్పుడు చేస్తుంది, చెయ్యకపోతే ఎందుకు చెయ్యదు?’ అని అడగాలి. మొదటి మాట నిజమని మంత్రి ఒప్పుకుంటేనే రెండోదానికి జవాబు చెప్పాలి. మొదటి మాటలో తప్పు దొర్లిందా, ఇక అంతే. ‘నిజం కాదు, కాబట్టి తక్కిన ప్రశ్న తలెత్తదు’ అని తేల్చేస్తారు. అందుకే మొదటి మాట రాసేటప్పుడు ఒళ్ళు దగ్గర పెట్టుకోవాలి. ఈ సంగతి ఆ ఆఫీసులో నాకంటే బాగా తెలిసినవాళ్ళు లేరు. తెలియక చేశానని చెప్పుకునే వీలు కూడా నాకు లేదు.

దాలమ్మక్క బిర్సానగర్లో మా వెనక వీధిలో ఉంటుంది. నాకంటే పెద్దది. అప్పట్లో గమ్హరియాలో ఒక చిన్న కార్ఖానాలో రబ్బరు సామాన్లు ప్యాకింగ్ చేసేది. అక్కడికి తిన్నగా వెళ్ళే బస్సు లేదు. ఇంటి దగ్గర టెంపో ఎక్కి సాక్చీలో దిగాలి, అక్కడ ఇంకోటి పట్టుకుని ఖర్కాయి వంతెన దాటి ఆదిత్యపూర్ మీదుగా పోవాలి. సాయంత్రం తిరిగొచ్చేటప్పుడు మగవాళ్ళు తోసుకుని ఎక్కేసేవారు. ఆడవాళ్ళు టెంపో వెనక టెంపో చూస్తూ నిలబడాల్సిందే. ఒక రోజు ఆమె తనతో పనిచేసే ఆడవాళ్ళను వెంటబెట్టుకుని మా ఆఫీసుకు వచ్చింది.

“పిల్లా, బళ్ళు లేవని కాదు,” అంది. “బళ్ళున్నాయి. డ్యూటీ యేళకి మాకు దొరకవు. దొరికినా మగోళ్ళ ఒళ్ళో కూకున్నట్టు కూకోవాల. పొద్దున ఒక బస్సు, సందేళ ఒక బస్సు, ఇక్కణ్ణుంచి గమ్హరియాకి తిన్నగా. అదొక్కటే అడగమను.”

ఎమ్మెల్యే గారికి తనకొచ్చిన హిందీలో అదే చెప్పింది. ఎక్కడా తడబడలేదు. ఆయనకు ముచ్చటేసింది. ఈవిడ బాగా మాట్లాడుతుంది, మహిళా సమితిలో పెట్టుకోవాలి అన్నారు నాతో. తర్వాత ప్రశ్న రాసి పెట్టమన్నారు.

ఆ దారిలో మా ఆయనవి రెండు టెంపోలు తిరిగేవి. ఒకటి తనే నడిపేవాడు. రెండూ అప్పు మీద కొన్నవే. ఆ సాయంత్రం అన్నం తింటుంటే బస్సు సంగతి చెప్పాను. “బస్సయితే మంచిదే కదా, ఆడోళ్ళకి,” అన్నాడు. కానీ కంచంలో అన్నం సగం వదిలేసి చెయ్యి కడిగేసుకున్నాడు. నన్నేమీ అడగలేదు, ఈ మాట మీరు నమ్మాలి. నేనే ఆ వదిలేసిన అన్నం చూసి నిర్ణయం చేసేసుకున్నాను.

అదొక్కటేనా? ఇన్నేళ్ళూ అదొక్కటేనని నాకు నేను చెప్పుకున్నాను. మొగుడి కోసం, ఇంటి కోసం చేశానంటే వినడానికి బాగానే ఉంటుంది. కానీ ఇంకొకటుంది. ఎమ్మెల్యే గారు దాలమ్మక్కను మెచ్చుకున్నప్పుడు నా మొహం వేడెక్కింది. ఏళ్ళ తరబడి ఆయన మాటలన్నీ రాసి పెడుతున్నదాన్ని నేను. బడికి పోని మనిషి ఒక్క పూట వచ్చి మాట్లాడితే సమితిలో పెట్టుకుంటారట. అసూయ. ఆ మాట రాయడానికి ఇప్పుడు కూడా చెయ్యి ఆగుతోంది.

నేను రాసిన వాక్యం ఇది: ‘బిర్సానగర్ నుంచి గమ్హరియా వెళ్ళడానికి ఎలాంటి వాహన సౌకర్యమూ లేదన్న మాట నిజమేనా?’

ఎలాంటి. ఆ ఒక్క ముక్కతో పని అయిపోయింది. ఎమ్మెల్యే గారు ఎప్పట్లాగే చదవకుండా సంతకం పెట్టారు.

జవాబు నేననుకున్నట్టే వచ్చింది. నిజం కాదు, ఆ మార్గంలో ప్రైవేటు వాహనాలు నడుస్తున్నాయి, కాబట్టి తక్కిన ప్రశ్న తలెత్తదు. ఆ ప్రైవేటు వాహనాల్లో రెండు మావి. మా ఇంటి ముందు ఆగే టెంపోల్నే చూపించి ప్రభుత్వం వాళ్ళకు బస్సు లేదంది. చదివి కాగితం బల్ల మీద బోర్లా పెట్టాను. సంతోషించానా? నాకప్పుడు కలిగినదాన్ని సంతోషమంటారో భయమంటారో నాకిప్పటికీ తెలియదు.

అక్కడితో ఆగి ఉంటే నేను మీకిదంతా చెప్పేదాన్ని కాదేమో.

ఎమ్మెల్యే గారు రాంచీ నుంచి మండిపడుతూ వచ్చారు. కళ్ళెదుట టెంపోలు తిరుగుతుంటే బండే లేదని అడిగావేమిటని తోటి ఎమ్మెల్యేలు నవ్వారట. జనాన్ని కలిసే రోజున దాలమ్మక్క, తక్కిన ఆడవాళ్ళు ఆశగా వచ్చి కూర్చున్నారు. హాలు నిండా మనుషులు. ఆయన అందరి ముందూ కాగితం ఊపుతూ, మీరు తప్పుడు సమాచారమిచ్చి నా పరువు తీశారని హిందీలో అరిచారు. దాలమ్మక్క లేచి నిలబడింది. అలా చెప్పలేదని ఆయనకు చెప్పబోయింది. ఆయన వినలేదు. అప్పుడు నా వైపు తిరిగింది.

“నాను బళ్ళు లేవని సెప్పేనా పిల్లా? నువ్వే రాసేవు కదా, నువ్వు సెప్పు.”

అందరూ నన్నే చూస్తున్నారు. అవునూ కాదూ అనకుండా ఊరుకున్నా సరిపోయేది.

“నాకలాగే వినపడింది అక్కా,” అన్నాను.

ఆమె నన్ను అనుమానించలేదు. అనుమానించి ఉంటే బాగుండేది. “అయితే నానే తప్పు సెప్పీసినట్టున్నాను. హిందీ సరిగ్గా రాదు కదా,” అంది. వెళ్ళేటప్పుడు మెట్ల మీద తక్కినవాళ్ళు ఆమె మీద సణుగుతూనే ఉన్నారు. ఈవిణ్ణి ముందు పెట్టుకుని వచ్చినందుకు బుద్ధొచ్చిందన్నారు. కిటికీ దగ్గర నిలబడి అన్నీ విన్నాను.

కొన్నాళ్ళకు కార్ఖానాలో పొద్దుటి డ్యూటీ ఇంకా ముందుకు జరిపారు. ఆమె వేళకు చేరుకోలేకపోయింది. పని మానేసి టెల్కో కాలనీ మార్కెట్లో ఆకుకూరలు అమ్మడం మొదలుపెట్టింది. ప్రశ్న సరిగ్గా రాసి ఉంటే బస్సు వచ్చేదా? రాకపోవచ్చు. ‘ప్రస్తుతం అలాంటి ఆలోచన లేదు’ అని మంత్రి గారు జవాబిచ్చి ఉండొచ్చు. ఈ మాట నాకు నేను ఎన్నిసార్లు చెప్పుకున్నానో. అబద్ధం కాదది. కానీ బస్సు రాకపోవడం వేరు, తన నోటి వల్లే రాలేదని ఒక మనిషి నమ్మడం వేరు. ఆ రెండోది పూర్తిగా నా పనే.

మా టెంపోలు కూడా నిలవలేదు. రెండూ అమ్మేసి మా ఆయన ఒక కంపెనీలో పనివాళ్ళను దించే షిఫ్టు బస్సు డ్రైవరుగా చేరాడు. నేను ఆ ఆఫీసు మానేశాను. దాలమ్మక్క మాత్రం నాతో మామూలుగానే ఉంది. పిల్లా అని పిలిచేది, ఇంటికి వెళితే టీ ఇచ్చేది. నేను తాగేదాన్ని.

ఈ ఏడు వేసవిలో మా వీధులకు కుళాయి నీళ్ళు సరిగ్గా రాలేదు. ఆడవాళ్ళందరూ కూడి, నీళ్ళ ఆఫీసుకెళ్ళి అడుగుదాం, ఎవరు మాట్లాడతారని అనుకుంటున్నారు. వయసులో పెద్దదని ఎవరో దాలమ్మక్క పేరు చెప్పారు. ఆమె నవ్వేసింది.

“నానా? నాకు సెప్పడం రాదమ్మా. నాను సెప్తే అయ్యే పన్లు కూడా సెడిపోతాయి.”

అందరూ నవ్వారు. తన మీద తను జోకు వేసుకుందని నవ్వారు. నేను అక్కడ నిలబడలేకపోయాను.

మర్నాడు మధ్యాహ్నం వాళ్ళింటికి వెళ్ళాను. వాకిట్లో నీడన కూర్చుని, అమ్ముడు పోని తోటకూర ఏరుకుంటోంది. కూర్చోమంది. కూర్చోలేదు. మీకు చెప్పినదంతా, ఈ వరసలోనే, నిలబడి చెప్పాను. అసూయ సంగతి కూడా. మధ్యలో ఆపలేదు ఆమె. నేను ముగించాక చేతిలోని తోటకూర పక్కన పెట్టింది.

“అయితే నాను సరిగ్గానే సెప్పేనా?”

“సరిగ్గానే చెప్పావక్కా. బళ్ళున్నాయనే చెప్పావు. నేనే లేవని రాశాను.”

“మీ ఆయన రాయమన్నాడేటి?”

“లేదక్కా. ఆయనకి తెలీదు.”

“ఇన్నేళ్ళు నా ఇంట టీ తాగేవు.”

ఏడిస్తే ఆమె జాలిపడాల్సి వస్తుందని ఏడుపు ఆపుకున్నాను.

“నాకొక్కదానికి సెప్పీసి ఎలిపోతావేటి?” అంది చివరికి. “ఆయేళ అందరూ ఇన్నారు. ఆళ్ళకెవులు సెప్తారు? ఎల్లు. ముందు ఎల్లు.”

వెళ్ళాను. ఆ రోజు వచ్చిన ఆడవాళ్ళలో ఇక్కడే ఉన్నవాళ్ళ ఇంటింటికీ వెళ్ళాను. ఒకావిడ మొహం మీదే తలుపేసింది. ఒకావిడకు ఆ రోజు గుర్తే లేదు, ఇప్పుడెందుకమ్మా అంది. మెట్ల మీద అందరికంటే గట్టిగా సణిగిన మనిషి మాత్రం అంతా విని, చెప్పులేసుకుని దాలమ్మక్క ఇంటి వైపు నడిచింది. అక్కడేం మాట్లాడుకున్నారో నాకు తెలియదు. అడిగే హక్కు నాకు లేదు. ఎమ్మెల్యే గారు ఇప్పుడు ఎమ్మెల్యే కాదు. ఫోన్ చేసి చెప్పాను. ఏ బస్సు, ఏ ప్రశ్న అన్నారు. రెండోసారి చెప్పినా ఆయనకు గుర్తు రాలేదు. ఇంటికొచ్చి మా ఆయనకూ చెప్పాను. అంతా విని, “ఆయేళ నాకు ఆకలి లేదే,” అన్నాడు. నిజంగానే ఆకలి లేక వదిలేశాడో, నా కోసం అలా అన్నాడో తెలియదు.

కాలేజీకి వెళ్ళే మా అమ్మాయి అంతా పక్క గదిలోంచి విన్నట్టుంది. వచ్చి ఎదురుగా నిలబడి, నిజంగానే అలా చేశావా అని హిందీలో అడిగింది.

“మమ్మీ, ఆప్‌నే సచ్‌ మే ఐసా కియా?”

“అవును, చేశాను,” అన్నాను.

ఆ మాట ఎంత తేలిగ్గా వచ్చిందో మీకెలా చెప్పను. ఇన్నేళ్ళూ ఎవరైనా అడుగుతారేమోనని భయపడింది ఆ ప్రశ్నకే. అడిగితే ఏం చెప్పాలో ఎన్ని అబద్ధాలు సిద్ధం చేసి పెట్టుకున్నానో. ఒక్కటీ అవసరం పడలేదు. మా అమ్మాయి నాతో రెండు రోజులు మాట్లాడలేదు. ఆ రెండు రోజులూ నాకు నిద్ర బాగా పట్టింది. సిగ్గుగా ఉంది ఇది రాయడానికి, కానీ నిజం.

దాలమ్మక్క క్షమించిందా అని అడుగుతారేమో. లేదు. నేనూ అడగలేదు. అడిగితే మళ్ళీ ఆమె దగ్గర ఏదో పుచ్చుకున్నట్టే కదా.

మొన్న ఆదివారం పొద్దున టెల్కో కాలనీ మార్కెట్‌కి వెళ్ళాను. వేరే కొట్లో కొనుక్కోవచ్చు, కానీ ఆమె దగ్గరికే వెళ్ళి నా వంతు వచ్చేదాకా నిలబడ్డాను. నన్ను చూసింది. పిల్లా అనలేదు. తోటకూర కట్టలు ఇచ్చింది, డబ్బు తీసుకుంది, చిల్లర లెక్కపెట్టి నా చేతిలో కాకుండా గోనె పట్టా మీద పెట్టింది. ఎప్పుడూ పైన ఒక గుప్పెడు కొసరు వేసేది. వేయలేదు. నా వెనకున్న ఆవిణ్ణి ఏం కావాలని అడిగింది.

చిల్లర ఏరుకుని, సంచీ తీసుకుని ఎండలో నడుచుకుంటూ వచ్చేశాను. దారిలో ఆకలేసింది. పకోడీల బండి దగ్గర ఆగి, నిలబడే రెండు పొట్లాల పకోడీలు తినేశాను.