రక్తం తాగే నవాబూ, పంజాగుట్ట అక్కా

అమీర్‌పేటలో ఆదివారం ప్రార్థన ముగిశాక మగవాళ్ళు యుద్ధం గురించి మాట్లాడుకునేవారు. మేము దయ్యాల గురించి మాట్లాడుకునేవాళ్ళం. చర్చి గోడ పక్కన చింతచెట్టు నీడలో నలుగురైదుగురు ఆడవాళ్ళం కూర్చుని, ఆ వారం ఎవరేం చదివారో చెప్పుకునేవాళ్ళం. నాకప్పుడు పదిహేడేళ్ళుంటాయి. నిజాం కాలం, అందరం బళ్ళో ఉర్దూ నేర్చినవాళ్ళమే కాబట్టి మా నవలలన్నీ ఉర్దూవి. ఎగిరే తివాచీలు, మాట్లాడే అద్దాలు, తట్టకుండానే తెరుచుకునే కోట తలుపులు. అవి చదివిన కళ్ళతో ఇంటికి నడుస్తుంటే జామతోటల మీద పొగమంచు కూడా ఎవరో మాంత్రికుడు పరిచి మరిచిపోయినట్టు ఉండేది.

మా దగ్గర ఒక పద్ధతి ఉండేది. ఫలానా నవల బాగుంది, చదవండి అని ఊరికే చెబితే ఎవరూ నమ్మరు. కథను సగం దాకా చెప్పి, గుండె జల్లుమనే చోట ఆపేయాలి. తర్వాత ఎవరికి నిద్ర పట్టదో వాళ్ళే వచ్చి పుస్తకం అడుగుతారు. ఈ విద్యలో నన్ను మించినవాళ్ళు లేరని నాకు గట్టి నమ్మకం. ఇప్పటికీ ఉంది.

రక్తం తాగే నవాబు నవలను మా అన్న పట్నంలో పాత పుస్తకాల మధ్య నుంచి తెచ్చాడు. ఎక్కడో పరదేశంలో పుట్టిన కథను ఎవరో మన నవాబులుండే దేవిడీల్లోకి దించి రాశారు. చచ్చి ఎన్నో ఏళ్ళయినా చావు రాని నవాబు, పగలంతా పెట్టెలో పడుకుని పొద్దు గుంకాక లేస్తాడు. అతని మహలు గురించి చదువుతుంటే నాకు ఎర్రమంజిల్ గుట్ట మీది మహలే కనిపించేది. సాయంత్రం ఎండలో అది గుట్టను వదిలి కాస్త పైకి తేలినట్టుండేది.

మాలో పెద్దది ఒక టీచరమ్మ. ఇది క్రైస్తవులు చదవదగిన పుస్తకమేనా అని ముఖం ముడుచుకుంది. సిలువను చూపిస్తే నవాబు వణికిపోతాడని చెప్పాను. ఆవిడ కాసేపు ఆలోచించి, అయితే ఇది భక్తి పుస్తకమే అని తేల్చేసి, మొదటి వంతు తనకే కావాలంది. ఆవిడ వెనక మరో ముగ్గురు వంతు చెప్పుకున్నారు. ఉన్నది ఒక్కటే ప్రతి.

మా గుంపులో ఒకరు మాత్రం అప్పటికి చింతచెట్టు కిందికి రావడం మానేశారు. ఆమె పంజాగుట్ట అక్క. హిందువుల ఇల్లు, ప్రార్థనకు కాక కథల కోసమే చెట్టు కిందికి వచ్చేది. ఒకప్పుడు సేద్యం చేసినవాళ్ళు, వాళ్ళన్నకు సర్కారు దఫ్తరులో నౌకరీ. బళ్ళో నాకంటే పై తరగతిలో ఉండేది. నా చేతిలో మొట్టమొదటి మాయల నవల పెట్టింది ఆమే. పెళ్ళి చేసుకుని పోయి, ఏడాది తిరక్కుండానే దగ్గుతో పుట్టింటికి వచ్చింది. క్షయ అన్నారు. అత్తవారి వైపు నుంచి మళ్ళీ ఎవరూ రాలేదు.

ఆ రోజుల్లో క్షయ ఉన్న గదిలోకి పోయిన వస్తువు బయటికి రాదు. దుప్పటైనా పుస్తకమైనా చివరికి కాల్చేయడమే. అందుకని ఆమెకు ఎవరూ పుస్తకం ఇచ్చేవారు కాదు. నేను ఎంతో బతిమాలితే మా అమ్మ కూడా, కిటికీ దాకా పోయి రమ్మంది, గడప తొక్కితే ఊరుకోనంది. కాబట్టి మధ్యాహ్నాలు చేల గట్టు మీదుగా నడిచి పోయి, కిటికీ చువ్వలకు ఇవతల నిలబడి కథలు చెప్పేదాన్ని. లోపల చీకటిగా ఉండేది. ఆమె ముఖం ఒకసారి కనిపించేది, ఒకసారి గొంతు మాత్రమే వినిపించేది. ఎండలో నిలబడి చీకటికి కథ చెబుతుంటే, ఎవరు మెలకువగా ఉన్నారో ఎవరు కలలో ఉన్నారో నాకు తెలిసేది కాదు.

నవాబు కథ కూడా అలాగే చెప్పుకొచ్చి, అలవాటు కొద్దీ సగంలో ఆపేశాను. దగ్గితే నెత్తురు పడే మనిషికి నెత్తురు తాగేవాడి కథ చెబుతున్నానని అప్పుడు తట్టింది. నాలిక కరుచుకున్నాను. ఆమె నవ్వింది.

"నా నెత్తురు వానికి పనికిరాదు తియ్. జర చెప్పు, తర్వాత ఏమైతది?"

చెప్పను, పుస్తకమే తెస్తాను అన్నాను. అన్నాక గానీ వంతులు గుర్తురాలేదు.

ఆదివారం ఈ సంగతి చెబితే అందరూ చెట్టు మీద పిట్టల్ని చూడడం మొదలుపెట్టారు. వంతుల్లో చివరనున్న దర్జీ గారి భార్య మాత్రం, అక్కడికి పోతే ఇక మనకు రాదు కదా అని ఉన్నమాట అనేసింది. నాకు ఒళ్ళు మండింది. మీరు ఇవాళ కాకపోతే వచ్చే ఏడు చదువుకుంటారు, ఆమె సంగతేమిటి అని కసిరాను. చివరికి టీచరమ్మే దారి చెప్పింది. అక్కది ఆఖరి వంతు, ఆ తర్వాత పుస్తకం ఆమెదే. మనం త్వరగా చదివి ఇచ్చేద్దాం. ఎందుకు త్వరగా అని ఎవరూ అడగలేదు.

దర్జీ గారి భార్య ఒక్కో నవలకు నెల పట్టే మనిషి. ఈసారి పొయ్యి ముందు చదివి, రొట్టెలు మాడ్చి, మొగుడి చేత తిట్లు తిని, నాలుగు రోజుల్లో ముగించింది. పుస్తకం పసుపు మరకలతో, పొగ వాసనతో నా చేతికి వచ్చింది. ఆ మరకలు చూసి నాకు ఆవిడ మీద కోపమంతా పోయింది.

చువ్వల సందులోంచి పుస్తకం ఇచ్చాను. మరుసటి వారం పోయేసరికి అక్క చదివేసి, దాన్ని గుండెల మీద పెట్టుకుని పడుకుంది. తమ ఇంట్లో సిలువ కూడా లేదు, నవాబు వస్తే ఎట్లా అని కాసేపు వేళాకోళం ఆడింది. తర్వాత మెల్లగా అంది.

"గా నవాబు సుత, ఎవరన్న లోపలికి రమ్మంటెనే గడప దాటుతడు. దయ్యాన్ని సుత పిలిచేటోళ్ళు ఉన్నరు. నన్నెవరు పిలుస్తరు చెప్పు?"

కిటికీ వదిలేశాను. ఇంటి ముందుకు వచ్చి చెప్పులు విడిచాను. బియ్యం ఏరుతున్న వాళ్ళమ్మ తలెత్తి చూసి, చేట పక్కకు జరిపింది. లోపలికి పోయాను. భయపడలేదని చెప్పను. అక్క కొంగు నోటికి అడ్డం పెట్టుకుని గోడ వైపు తిరిగిపోయింది. నేను పిలువలేదు గద, ఎందుకొచ్చినవ్ అని కోప్పడింది. మంచం కాళ్ళ వైపు కూర్చున్నాను. అటు తిరిగే అడిగింది.

"సరె. ఇగ ఏం చదువాలె?"

నాకు తెలిసిన నవలలన్నీ కళ్ళ ముందు తిరిగాయి. మంచివి చాలానే ఉన్నాయి. వాటిలో అన్నిటికంటే పొడవైనదాని పేరు చెప్పాను. మాయాకోటల కథ, ఆరు భాగాలు. సగం కథ చెప్పమని ఆమె అడగలేదు.

"ఆరా?" అని నా వైపు తిరిగింది. "అన్నీ ఒక్కసారి తేకు. ఒక్కొక్కటి తే."

ఒక్కొక్కటే తీసుకుపోయాను. చివరి మూడు భాగాలూ ఇప్పటికీ నా దగ్గరే ఉన్నాయి.