గీయని నాలుక

అమెరికాలో సన్నీవేల్‌లో కంప్యూటర్ చిప్పులు అతికించే కంపెనీలో పనిచేసే వసుమతికి ఆ ఏడు కుడి భుజం పట్టేసింది. చెయ్యి చెవిదాకా కూడా లేవదు. రోజూ జడ వేయడం మొగుడు భీమశంకర్ వంతయింది, అదేమో తాడు పేనినట్టు వచ్చేది. మాత్రలు మింగి మింగి విసిగి, చైనా వైద్యుడు లిన్ దగ్గరికి వెళ్లింది. ఎక్కడికైనా శుభ్రంగా వెళ్లే మనిషి కాబట్టి, బయల్దేరే ముందు నాలుక బద్దతో ఎర్రబడేదాకా గీసుకుంది. లిన్ నాడి పట్టి, నాలుక చాపమని, చూసి పెదవి విరిచాడు. "నొప్పి చలిదో వేడిదో నాలుక మీది పూత చెప్పాలి. మీరు దాన్నే గీసేశారు. రేపు గీయకుండా రండి."

"పాచినాలుక పరాయి మగాడికి ఎలా చూపించనండీ?" అని కారులో గొణిగింది. "అయితే జన్మంతా నేనే జడ వెయ్యనా?" అన్నాడు భీమశంకర్. మర్నాడు నోటికి పైట అడ్డం పెట్టుకుని వెళ్లి, కళ్లు మూసుకుని నాలుక చాపింది. తెల్లటి మందపాటి పూత చూసి లిన్ తృప్తిగా తల ఊపాడు. చలీ తేమా భుజంలో చేరి ఒంట్లో శక్తి నడకను ఆపేశాయట, నడక ఆగినచోటే నొప్పట. తీరా ఆక్యుపంక్చర్ సూది మాత్రం మోకాలి కింద గుచ్చాడు. "నొప్పి భుజంలో, డాక్టర్" అంది వసుమతి. "తెలుసు. చెయ్యి ఎత్తండి" అంటూ సూది తిప్పాడు. ఎత్తింది. చెయ్యి మెల్లగా చెవి దాటింది. "వచ్చే వారం కూడా నాలుక గీయకుండానే రావాలి" అన్నాడు లిన్. దించితే మళ్లీ లేవదేమోనని చెయ్యి అలాగే పైన ఉంచి, "గీయను లెండి" అంది వసుమతి.